మంగళవారం చుట్టవాసన

కౌల్ బజార్, బళ్లారి
4-6-1958

తమ్ముడు శ్రీమన్నారాయణకు అక్క వరలక్ష్మమ్మ దీవెనలు.

ఈడ అందరమూ బాగుండామని రాయబోయి ఆ మాట కాడ చెయ్యి ఆపినా. ఎందుకో చదివితే నీకే తెలుస్తాది. నీ రూములో ఉండే పిల్లోండ్ల ముందర ఈ జాబు చదవొద్దు.

నిన్న సాయంత్రం మీ బావ చేతిసంచి దులపబోతే అడుగున ఒక గొట్టం దొరికింది. అల్యూమినియంది, జానెడు పొడుగు. మూత తిప్పి తీస్తే పల్చని చెక్కరేకు చుట్టిన చుట్ట ఒకటి ఉండాది. మన సంతలో అమ్మే వంకర చుట్ట కాదు. నున్నగా, ముదురు తేనె రంగులో, ఎవరో ఇస్త్రీ పెట్టినట్లుండాది. నడుముకు ఎర్రకాగితం పట్టీ, దాని మీద బంగారురంగు బొమ్మ, ఇంగ్లీషు మాదిరి అక్షరాలు. తీసింది తీసినట్లే మళ్లా పెట్టేసినా.

మీ బావ సంగతి నీకు తెలుసు. పెండ్లయినప్పటి నుంచి బీడీ ముట్టిన మనిషి కాదు. అంగడిలో ఎవురన్నా బీడీ ముట్టిస్తే, ఇత్తడి బిందెలకు పొగ పడతాది బయటికి పోండప్పా అంటాడు. అట్లాంటాయప్ప సంచిలో ఇది ఏంది?

ఇంకొకటి. ఈమధ్య ప్రతి మంగళవారం, అంగడి సెలవు నాడు, సిరిగేరికి పోతాండానంటాడు. కాలవ నీళ్లొచ్చినాక కోస్తా నుంచి వచ్చిన రైతులు ఆడ కొత్త ఇండ్లు కట్టుకుంటాండారు, పెద్ద గుండిగలు కావాలంటారని. పోనీలే వ్యాపారమే గదా అనుకుంటి. వచ్చేటప్పుడు నోట్లో లవంగాలు నమలతాంటాడు. అంగీ తానే తొట్లో నానబెడతాడు. తుండుగుడ్డ కూడా నానబెట్టి ఎరగని మనిషి అంగీ ఎందుకు నానబెడతాడో నువ్వే చెప్పు.

మా అత్త సుందరమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె చెవిలో పడితే ఇంట్లో ఇంక అన్నం ఉడకదు. నువ్వు బొంబాయిలో చుట్టలంగడిలోనే గదా ఉద్యోగం చేసేది. ఇది ఎట్లాంటిది, ఎవురు తాగుతారు, మీ బావకు యాడ నుంచి వచ్చింటాది, ఉన్నదున్నట్లు రాయి.

మాగాయ ఎండబెట్టినా. ఎవురన్నా ఆ పక్కకు వస్తే పంపిస్తా. పోస్టుమాను మధ్యాహ్నం వస్తాడు, ఆ పొద్దు మీ బావ అంగడిలో ఉంటాడు. జాబు ఇంటికే రాయి.

నీ అక్క
వరలక్ష్మి


బొంబాయి
10-6-1958

అక్కకు నమస్కారము.

నీ జాబు అంగడిలో, మా సేఠ్ భోజనానికి పోయినప్పుడు చదివినా. రెండోసారి చదివేటప్పుడు గిరాకీ వచ్చి నిలబడినా చూసుకోలేదు.

నువ్వు చెప్పిన గుర్తులను బట్టి అది హవానా చుట్ట. క్యూబా అనే దీవి నుంచి ఓడలో వస్తాది. ఆ చెక్కరేకు దేవదారు జాతిది, వాసన కోసం చుడతారు. మా అంగడిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటాయి. పెద్ద మిల్లుల వాళ్లు, ఓడల కెప్టెన్లు, రాజాల ఇండ్ల నుంచి వచ్చే వాళ్లు తీసుకుంటారు. బళ్లారిలో దీన్ని అమ్మే అంగడి లేదు. ఎవురో ఇచ్చింటేనే బావ చేతికి రావల్ల. ఊరికే ఎవురూ ఇయ్యరక్కా. మీ పక్కన ఇనుపరాయి గనులు తవ్వే కాంట్రాక్టర్లు దొరలకు విందులు చేస్తాండారని విన్నా. బావను ఏదన్నా దాంట్లోకి లాగుతాండారేమో.

బావ దాన్ని తాగుతాండాడా, సుమ్మనే, ఊరికే దాచిపెట్టినాడా అనేది ముందు తేల్చుకో. కొత్తగా తాగేవాడిని పట్టుకోవడం సులభం. మా కౌంటరు ముందర ఎంతమందిని చూసినానో. వాడు చేసే మొదటి తప్పు, సిగరెట్టు మాదిరి పొగ లోపలికి మింగడం. దీన్ని మింగకూడదు. నోట్లో నింపుకుని, రోంతసేపు పెట్టుకుని, వదిలెయ్యాల. మింగితే దగ్గు ఆగదు, కండ్లలో నీళ్లు. రెండో తప్పు తొందర. ఒక దమ్ము లాగి, మంచీ చెడ్డా మాట్లాడి, అప్పుడు ఇంకొకటి లాగాల. గబగబా లాగితే చుట్ట కాగిపోయి నాలుక చేదెక్కుతాది. నిదానంగా తాగితే పూర్తయ్యేసరికి గంట పడతాది.

పరగడుపున తాగినవాడికి సగం చుట్ట కాగానే నోట్లో నీళ్లూరతాయి, ముఖం పాలిపోతాది, నుదుట చల్లని చెమట, వెక్కిళ్లు. కొందరు కక్కుకుంటారు. బెల్లంనీళ్లు ఇస్తే తేరుకుంటాడు. అలవాటు పడినవాడికి ఇవేవీ ఉండవు, వాడు హాయిగా నవ్వుతా వస్తాడు. వాసన మాత్రం ఇద్దరికీ ఒకటే, తోలు, వేయించిన కాఫీగింజ, తడిమట్టి కలిపినట్లు. తలవెంట్రుకల్లో రెండు రోజులుంటాది. లవంగాలు దానిముందర ఎందుకూ పనికిరావు.

ఈ గుర్తులు పెట్టుకుని వచ్చే మంగళవారం చూడు. ఏమీ అడగొద్దు. అడిగితే జాగ్రత్త పడతాడు.

ఈడ వాన మొదలైంది. చెప్పులు ఆరడం లేదు.

ఇట్లు నీ మాట ఎప్పుడూ జవదాటని
నారాయణ


కౌల్ బజార్
18-6-1958

నారాయణకు అక్క రాయడము.

నువ్వు చెప్పిన గుర్తులన్నీ మా ఇంట్లో కనపడినాయి.

వెనక్కి తిరిగి గుర్తు చేసుకుంటే, మొదటి మంగళవారం మీ బావ ఇంటికొచ్చి గడపలోనే కూలబడినాడు. ముఖం సున్నం కొట్టినట్లుండాది. వెక్కిళ్లు. ఎండదెబ్బ అన్నాడు. తానే వంటింట్లోకి పోయి బెల్లం కలుపుకుని తాగినాడు. ఎండదెబ్బకు మజ్జిగ తాగుతారు గాని బెల్లంనీళ్లు ఎవురు తాగుతారు? ఆ మందు ఎవురో నేర్పించి పంపినారు. తర్వాతి వారం వెక్కిళ్లు తగ్గినాయి. నిన్న అన్నం కూడా తిన్నాడు. వారం వారం అలవాటవుతాండాది అనేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల.

నిన్న నేను ఊరికే ఉండలేదు. మంగళవారం గదా, కనకదుర్గమ్మ గుడికి పోతాండానని అత్తకు చెప్పి, నెత్తిన కొంగు కప్పుకుని బస్టాండు దాకా పోతి. సిరిగేరి బస్సు ఈ పక్క నిలబడింది. మీ బావ దాని వైపు కూడా చూడకుండా రూపనగుడి బస్సెక్కినాడు. చేతిలో మన అంగడి టిఫిను క్యారియరు. హోటలు కాడ ఆగి దాంట్లో ఏదో పోయించుకున్నాడు. ఆయప్ప పోయినాక హోటలాయన్ని అడిగితే రాగిజావ అన్నాడు, పల్చగా, ఉప్పు తక్కువ.

రూపనగుడిలో మాకు చుట్టాలు లేరు. బాకీదార్లు లేరు. ఉప్పు తక్కువ జావ ఎవురికి? కాన్పైన ఆడమనిషికి పోస్తారు అట్లాంటిది. ఆ మాట మనసులోకి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నా కడుపున ఒక కాయ కాయలేదని మా అత్త పైకి అనదు గాని, పక్కింటి బిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా నా పక్క చూస్తాది.

అంగీ తొట్లో వేయకముందే వాసన చూస్తి. తోలు, కాఫీ, మట్టి అంటివి. వాటితోపాటు ఆస్పత్రి మందువాసన కూడా ఉండాది. అది నీ జాబులో లేదు.

నువ్వేం చెయ్యొద్దు. ఎవురికీ చెప్పొద్దు.

వరలక్ష్మి


బొంబాయి
23-6-1958

అక్కకు,

నువ్వు ఏం చెయ్యొద్దంటివి. చేసేసినా. కోపం చేసుకోవద్దు.

రూపనగుడి బస్సులో కండక్టరు మారెన్న నాకు స్కూల్లో పక్క బెంచీ. మన ఊరాయన ఒకాయన నిన్న మెయిలు రైలుకు బళ్లారి పోతాంటే, మారెన్నకు కబురు పంపినా. పంపాపతి బావ యాడ దిగుతాడు, ఏ ఇంటికి పోతాడు, తలుపు ఎవురు తీస్తారు, ఇంత చూస్తే చాలన్నా. నీ పేరు చెప్పలేదు.

జావ సంగతి చదివి నేనూ నువ్వనుకున్నదే అనుకుంటి. అయితే హవానా చుట్ట, ఆస్పత్రి మందు, జావ, ఈ మూడూ ఒక ఇంట్లో ఎట్ల ఇముడుతాయో నాకు అంతు చిక్కలేదు. ఈడ ఓడల నుంచి దొంగసరుకు దింపేవాళ్లు కొందరు లోపలి ఊర్లలో రోగుల మాదిరి ఇండ్లు తీసుకుని సరుకు దాస్తారంట. బావ అట్లాంటి వాళ్ల చేతిలో పడింటే పోలీసుల దాకా పోతాది. అట్ల కాకుండా వేరే ఊర్లో అద్దింట్లో ఇంకొక కాపురం పెట్టింటే అది వేరే కథ. రెండిట్లో ఏదైనా నువ్వు ఒక్కదానివే మోయాల్సిన పని లేదు.

చెయ్యాల్సింది నేను చేస్తా. నువ్వు తిని పండుకో.

నారాయణ


కౌల్ బజార్
2-7-1958

నారాయణా,

ఈ జాబు అందగానే మారెన్నకు వద్దని చెప్పు. మెయిలుకు మనిషి దొరక్కపోతే టెలిగ్రాం ఇయ్యి. మిగిలింది తర్వాత చదువు.

నిన్న నేనే రూపనగుడికి పోతి. మీ బావ పోయిన బస్సు కాకుండా దాని తర్వాతి బస్సు. ఊర్లో దిగి ఎవురినీ అడగలేదు. రెండు సందులు తిరిగేసరికి నువ్వు చెప్పిన వాసన వచ్చింది. దాన్ని పట్టుకుని పోతే ఊరి చివర మట్టిమిద్దె. కిటికీ తెరిచుండాది.

లోపల నులకమంచం మీద ఒక ముసలాయన. మెడకు గుడ్డ చుట్టిండారు. మీ బావ ఎదురుగా ముక్కాలిపీట మీద కూచుని చుట్ట తాగుతాండాడు. తాగుతాండాడంటే ఏమి, చేదు మందు మింగే పిలగాని మాదిరి కండ్లు మూసుకుని లాగుతాండాడు. దగ్గొచ్చింది, కండ్లనీళ్లు కారినాయి. ముసలాయన గొంతు గీరుకుపోయినట్లుండాది. "మింగొద్దు పంపా. నోట్లో పెట్టుకో. ఆ... ఇప్పుడు ఈ పక్కకు వదులు" అన్నాడు. మీ బావ ఆయన ముఖం వైపు పొగ వదిలినాడు. ముసలాయన కండ్లు మూసుకుని ముక్కుతో దాన్ని పీల్చుకున్నాడు. ఆ ముఖం చూసి నేను కిటికీ కాడ నుంచి పక్కకు తప్పుకుంటి.

పెరట్లో ఒకామె గిన్నెలు తోముతాండాది. దుర్గక్క అంట, ఆయనకు వండిపెట్టే మనిషి. ఎవురమ్మా ఈయన అంటి. "వెంకటప్పయ్య అని, ఓడల్లో వంట చేసి వచ్చినాడు. గొంతులో గడ్డ. ఆ వచ్చే శెట్టి ఆయన తమ్ముని కొడుకు" అనింది.

నేను లోపలికి పోలేదు. రాత్రి మీ బావను నేరుగా అడిగితి. దాచలేదు, పాపం, ఎప్పుడు అడుగుతానా అని చూస్తాండినట్లు చెప్పేసినాడు. మా మామకు ఒక అన్న ఉండినాడంట. పొట్టకూటికి బొంబాయి పోయి ఓడల్లో వంటవాడుగా చేరినాడు. శెట్ల ఇంట్లో పుట్టి మాంసం వండినాడని, సముద్రం దాటినాడని, ఆయన బతికుండగానే పిండం పెట్టి నీళ్లొదిలేసినారు. అప్పుడు మీ బావ చిన్న పిలగాడు. ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు. నేను ఇన్నేండ్లు ఈ ఇంట్లో ఉండి ఆ పేరు వినలేదంటే చూసుకో.

బళ్లారి ఆస్పత్రికి మన అంగడి నుంచి పాత్రలు పోయినప్పుడు, వరండాలో ఎవురో "ఒరే పంపా" అన్నారంట. చచ్చిపోయిన మా మామ గొంతే అనుకుని మీ బావ నిలబడిపోయినాడు. మీ బావది అచ్చం మా మామ పోలిక, దాన్ని బట్టి ముసలాయన గుర్తుపట్టినాడంట. డాక్టరు ఇంక ఒక్క దమ్ము కూడా లాగొద్దన్నాడంట ఆయనకు. ఓడలో పాత స్నేహితుడొకడు పంపిన చుట్టలు పెట్టె నిండా ఉండాయి, నాకు సంచిలో దొరికింది వాటిలో ఒకటి. నువ్వు నా ముందర కూచుని తాగితే నాకు వాసన వస్తాది, అంతే చాలన్నాడంట.

విన్నాక నాకు సిగ్గయింది. అయినా మనసులో ముల్లు పూర్తిగా పోలేదు. ఇన్నేండ్లు లేని తమ్ముని కొడుకు ఇప్పుడెందుకు గుర్తొచ్చినాడు? ఆ సంగతి తర్వాత చూస్తా. ముందు మారెన్న నోరు కట్టించు.

నీ అక్క


బొంబాయి
2-7-1958

అక్కకు,

మారెన్న నుంచి కబురొచ్చింది. ఊరి చివర ఇల్లు. తలుపు తీసేది ఒక ఆడమనిషి, పేరు దుర్గక్క. బావ లోపలికి పోతే గంటకు పైగా బయటికి రాడు. ఇంకేం కావాల అనుమానానికి?

ఇంత జరిగినాక నువ్వు నోరు మూసుకుని ఉంటావని నాకు తెలుసు. అందుకే మారెన్నతో ఒకటే మాట చెప్పించినా. సెలవు లేని దినం చూసి నేరుగా ఇంటికి పోయి, మీ అత్త ముందరే, పంపాపతి రూపనగుడిలో ఎవురింటికి వస్తాడమ్మా అని అడగమన్నా. కొడుకు సంగతి తల్లే తేల్చుకోవల్ల. నువ్వు చెప్పినట్లూ ఉండదు, నీకు మాటా రాదు.

ధైర్యంగా ఉండు.

నారాయణ


కౌల్ బజార్
10-7-1958

నారాయణకు,

నీ జాబు, మారెన్న, ఇద్దరూ ఒకే దినం వచ్చినారు. జాబు కంటే ముందు ఆయనే వచ్చినాడు.

నేను మిరపకాయలు తొడిమెలు తీస్తాంటి. అత్త జపం చేసుకుంటాండాది. మారెన్న గడపలో నిలబడి, నువ్వు చెప్పించిన మాట పొల్లు పోకుండా అడిగినాడు. అంతటితో ఆగింటే ఏదో ఒకటి చెప్పి కప్పిపెట్టిందును. రూపనగుడిలో ఎవురినో విచారించినట్లుండాది, "ఆ ఓడలాయన మీకేమవుతాడమ్మా" అని కూడా అడిగినాడు. అత్త చేతిలో జపమాల ఆగిపోయింది.

మీ బావ ఇంటికొచ్చినాక అత్త ఒక్కసారే మాట్లాడింది. "ఆయప్పకు ఈ ఇల్లు కావాల. అందుకు వచ్చినాడు. అన్న వాటా అడుగుతాడు, నువ్వు ఇస్తావు. ఆ ఇంటి గడప తొక్కిన కాలు నా వంటింట్లోకి రాకూడదు. ఇంక సాకు, చాలు" అనింది. మీ బావ, అమ్మా ఆయన గొంతు పోతాండాది, ఇల్లు ఏం చేసుకుంటాడు అన్నాడు. ఆమె వినలేదు. ఇప్పుడు తన మటుకు వేరే పొయ్యి మీద వండుకుంటాది. మీ బావ మొన్న మంగళవారం రూపనగుడికి పోలేదు. అంగడి తలుపులు మూసుకుని లోపల ఒక్కడే కూచుండినాడు.

నీకు నేను ఏం రాయాల? నా అనుమానం నా ఇంట్లో ఉండింది. నువ్వు దాన్ని బస్సెక్కించి ఊరంతా తిప్పినావు. జవాబు రాయాల్సిన పని లేదు.

వరలక్ష్మమ్మ


బొంబాయి
15-7-1958

అక్కకు పాదాలు పట్టుకుని రాయడము.

వద్దన్నా రాస్తాండా. నీ టెలిగ్రాం మాట చదివేసరికి మారెన్న పని అయిపోయింది. నేను చేసింది తప్పే. బావకు వేరే జాబు రాసి క్షమించమని అడిగినా.

అయినా ఒక మాట అడక్క ఉండలేను. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. మా సేఠ్‌ను ఊరికే అడిగినట్లు అడిగితి. పొగ లాగలేని మనిషి చుట్ట వెలిగించి పళ్లెంలో పెట్టుకుంటే వాసన రాదా అని. రోంతసేపు వస్తాదంట, తర్వాత తానే ఆరిపోతాదంట. ఎవురో ఒకరు లాగుతాంటేనే అది బతికుంటాది. అంతవరకు ఆయన చెప్పింది నిజమే. మరి దుర్గక్క తాగొచ్చు గదా? డబ్బులిస్తే రూపనగుడిలో చుట్ట తాగేవాళ్లకు కొదవా? చుట్టంటే వాంతికొచ్చే బావనే ఎందుకు పట్టుకున్నాడు? మీ అత్త అనుమానం ఒట్టిదని నేను అనలేను.

బావ మళ్లా పోతే గనక, కష్టం లేకుండా తాగడానికి రాస్తాండా. కడుపునిండా తిని పోవల్ల. మూసిన కొసను వాడిగా ఉండే కత్తితో రోంతే కోయాల, ఎక్కువ కోస్తే ఆకు విడిపోతాది. అగ్గిపుల్ల మందు కాలిపోయినాక, మంట తగిలీ తగలనట్లు పట్టి, చుట్టను తిప్పుతా వెలిగించాల. బూడిద తట్టకూడదు, అదే రాలతాది. కడగొట్టు భాగం ఘాటు, ఆడికి వచ్చేసరికి ఆపేస్తే మేలు. నలిపి ఆర్పకూడదు, పక్కన పెడితే అదే ఆరిపోతాది.

మళ్లా నీ చేతి రాత కోసం చూస్తాంటా.

నారాయణ


కౌల్ బజార్
30-7-1958

తమ్ముడు నారాయణకు,

కోపం ఇంకా ఉండాది. అయినా నీకు తప్ప ఇంకెవురికి రాయాల ఈ సంగతి.

మీ బావ పోకుండా నిలిచిపోయి నాలుగో మంగళవారం నిన్న. ఆయప్ప తల్లి మాట దాటలేడు. అన్నం కలుపుతాడు గాని తినడు. ముసలాయన ఎదురు చూస్తాంటాడు అని ఒకసారి గోడతో చెప్పినట్లు అన్నాడు. నిన్న పొద్దున్నే నేను కడుపునిండా తిని, క్యారియరులో జావ పోసుకుని, రూపనగుడి బస్సెక్కినా. అత్తకు గుడి అని చెప్పలేదు. రూపనగుడికి పోతాండానని చెప్పి పోతి. ఆమె తల తిప్పుకునింది.

ముసలాయన నన్ను చూసి లేవబోయినాడు. పంపాపతి ఇంటిదాన్ని మామా అంటి. "పంపా బాగుండాడా" అన్నాడు. మాట గాలి మాదిరి వస్తాది, దగ్గరికి పోతేనే వినబడతాది. జావ తాపించినాక పెట్టె తీసి, నీ జాబులో ఉన్నట్లు కొస కోసినా. ఆయన నా చేతులే చూస్తాండాడు. పుల్ల గీసి, మందు కాలనిచ్చి, తిప్పుతా తిప్పుతా వెలిగించినా. దుర్గక్క వాకిట్లో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది.

మొదటి దమ్ముకు ఏమీ తెలియలేదు, వెచ్చని గాలి నోట్లోకి వచ్చినట్లు. రెండోదానికి చెక్కవాసన, మన అత్తరు పెట్టె తెరిచినప్పుడు వచ్చేది. తర్వాత కాఫీ వేయించే వాసన అంటివే, అదీ వచ్చింది. ఇంతేనా దీని గొప్ప అనుకుని, దాని ధీమాలో ఒక దమ్ము మింగినా. ఎదలో అగ్గి పడినట్లయింది. దగ్గి దగ్గి మంచంకోడు పట్టుకుంటి. "తొందర లేదు బిడ్డా" అన్నాడాయన. సగం దాటినాక నోట్లో నీళ్లూరినాయి. నుదురు చల్లబడింది. ఇల్లు రోంత వాలినట్లుండాది. బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని నిదానంగా లాగుతా వదులుతా కూచుంటి. ఆయన కండ్లు మూసుకుని పీలుస్తాండాడు.

అట్ల కూచున్నప్పుడే అడిగినా, ఎట్లా అడగాల్సిందే గదా అని. "మామా, నీకేం కావాల మా నుంచి? ఇల్లు అడుగుతావని మా అత్త భయం. నా మనసులో కూడా అదే ఉండాది" అంటి.

ఆయన కండ్లు తెరిచినాడు. తర్వాత ఆగి ఆగి చెప్పినాడు. "పొగవాసన కావాలంటే దుర్గక్క తాగదా? మనోళ్లు ఒకరు వచ్చి ఎదురుగా కూచుంటే చాలనుకుంటి. సుమ్మనే కూచో అంటే పంపా ఎంతసేపు కూచుంటాడు? బాగుండావా అని అడిగి బస్సుకు లేస్తాడు. ఈ చుట్ట ముట్టిస్తే గంట లేవకూడదు. తొందరగా తాగడానికి లేదు. అందుకని అడిగినా."

అంతే నారాయణా. మనమందరమూ ఎన్ని లెక్కలు వేసినామో చూడు.

నేను లేవలేదు. అది తానే ఆరిపోయేదాకా కూచుంటి. బస్సులో కిటికీ నుంచి కక్కుకుంటి, ఆ సంగతి మీ బావకు చెప్పలేదు. ఇంటికొస్తే నా వెంట్రుకల వాసన అత్తకు తగిలింది.  తన పొయ్యి కాడికి పోయి కూచునింది. మీ బావ మాత్రం నా పక్క చూసి, వంటింట్లోకి పోయి బెల్లం నీళ్లు కలిపి తెచ్చిచ్చినాడు.

నీ అక్క
వరలక్ష్మి


బొంబాయి
6-8-1958

అక్కకు నమస్కారము.

నీ జాబు చదివి అంగడి వెనకాల స్టోరులోకి పోయి కూచుంటి. 

ముందు ఒక మాట. నీ ఒంటికి ఇది మంచిది కాదు, పోయినా ఊరికే వెలిగించి నోట్లో పొగ నింపి వదులు, కడదాకా తాగొద్దు. జనం చూస్తే ఏమంటారో అనే భయం నాకు ఇప్పటికీ ఉండాది, దాచుకోను. దుర్గక్క నోరు గట్టిదేనా? ముసలాయన చెప్పింది నమ్మినా. నమ్మినాక కూడా, ఇంకేమన్నా ఉందేమో అని మనసు వెతుకుతాండాది. ఈ గుణం మన ఇద్దరికీ నాయన నుంచి వచ్చింటాది.

వచ్చే నెల సెలవు దొరికితే వస్తా. ఆయన కాడ ఒక మంగళవారం నేను కూచుంటా. నాకు వెక్కిళ్లు రావు.

నారాయణ


కౌల్ బజార్
18-8-1958

నారాయణకు అక్క దీవెనలు.

నువ్వు సెలవు అడగొద్దు. పెద్దమామ పోయినాడు.

నీ జాబు వచ్చినాక ఒక్క మంగళవారమే దొరికింది. ఆ పొద్దు నేనూ మీ బావా ఇద్దరమూ పోతిమి. ఆయప్ప తల్లికి చెప్పే వచ్చినాడు. మీ బావ తాగినాడు, నేను పక్కన కూచుంటి. మామ మాట్లాడలేకపోయినాడు. మీ బావే మాట్లాడినాడు, అంగడి సంగతి, చిన్నప్పుడు ఈ పెద్దమామ భుజాల మీద ఎక్కి తేరు చూసిన సంగతి. చుట్ట అయిపోయినా చానాసేపు లేవలేదు.

శనివారం పొద్దున్నే దుర్గక్క మొదటి బస్సుకు వచ్చి అంగడి ముందర నిలబడింది. మీ బావ ఇంటికొచ్చి తల్లి ముందర నిలబడి, "అమ్మా, పెద్దనాయన పోయినాడు. నేను కొరివి పెడతా" అన్నాడు.

అత్త దీపం వత్తులు చేస్తాండాది. తల ఎత్తలేదు. "ఆయప్పకు ఎప్పుడో చేసేసినారు. చచ్చినోనికి మళ్లా మళ్లా చెయ్యరు" అనింది. మీ బావ పంచె మార్చుకుని దుర్గక్క వెంట పోయినాడు. మధ్యాహ్నానికి దహనం అయిపోయిందని మారెన్న బస్సు నిలబెట్టి వచ్చి చెప్పి పోయినాడు. ఈసారి గడప బయటే నిలబడి, నెమ్మదిగా చెప్పినాడు.

అత్త ఆ మాట వినింది. వత్తులు పక్కన పెట్టింది.  ఆమె ఏమంటాదో అని నేను వంటింటి తలుపు కాడ నిలబడి చూస్తాంటి. లేచి, కట్టుబట్టతోనే పెరట్లోకి పోయింది. బావి కాడ ఒక్కతే చేదుకుని, ఒక బిందె తర్వాత ఇంకొక బిందె నెత్తిన పోసుకునింది. అట్ల తడిబట్టతోనే లోపలికి వచ్చి, "ఈ పూట పొయ్యి వెలిగించొద్దు వరలక్ష్మీ" అనింది.

నీ అక్క
వరలక్ష్మి